మెట్లు లేని ఇల్లు

ఆ సీరియల్లో పనిచేసేవాళ్ళెవరికీ సొంత పేర్లు మిగల్లేదు. ఏళ్ళ తరబడి ఒకే వేషం వేయడంతో అత్తగారి పాత్ర వేసే ఆవిడ అందరికీ అత్తగారయిపోయింది. మేకప్ చేసే అమ్మాయి కూడా "అత్తగారూ, కాస్త గడ్డం ఎత్తండి" అనేది. పెద్దకోడలు, చిన్నకోడలు కూడా అంతే. వాళ్ళందరి తలరాతలు రాసే మనిషిని మాత్రం రచయిత్రి గారు అని పిలిచేవారు. ఆవిడతో అందరూ ఒద్దికగా ఉండేవారు. ఏ పాత్రనైనా రేపటికల్లా కోమాలోకి పంపెయ్యగల చెయ్యి కదా మరి.

రచయిత్రికి నలభై దాటాయి. తన పని తనకు వచ్చునన్న ధీమా ఉన్న మనిషి. రేపటి సీను ఇవాళ సాయంత్రం అడిగినా కంగారుపడేది కాదు. టీ ఒకటి తెప్పించుకుని, కుర్చీలో కాళ్ళు మడుచుకు కూర్చుని రాసిచ్చేసేది.

షూటింగ్ అంతా ఊరి చివర అద్దెకు తీసుకున్న ఒక పాత బంగళాలో జరిగేది. పెద్ద హాలు, హాలు మధ్యలో పైకి వెళుతూ రెండుగా చీలిపోయే మెట్లు, బారుగా స్తంభాలు, వెనక తోట. కథలో ఒకరు స్తంభం చాటున, ఒకరు కర్టెన్ వెనక, ఇంకొకరు మెట్ల మలుపులో నిలబడి అవతలివాళ్ళ మాటలు వినేవారు. విన్నది మనసులో పెట్టుకుని పైకి వెళ్ళి తలుపేసుకునేవారు. పెద్దకోడలు ఫోనులో పన్నాగాలు పన్నడానికి తోటలో ఒక మూల ప్రత్యేకంగా కేటాయించారు. యూనిట్ వాళ్ళు దాన్ని ఆవిడ ఆఫీసు అనేవారు. చిన్నకొడుకునీ చిన్నకోడల్నీ ఇంట్లోంచి ఎలా సాగనంపాలా అన్నదే ఆ ఆఫీసులో జరిగే పనంతా. పెద్దకోడలు మెట్లు దిగుతూ ఒక్కో మెట్టుకీ ఒక్కో మాట విసురుతుంటే చూసేవాళ్ళు పళ్ళు నూరుకునేవారు. బజారులో కనబడితే ఆవిణ్ణి మొహం మీదే తిట్టేవారు కూడా. ఆవిడ ఆ తిట్లన్నీ పతకాల్లా దాచుకునేది.

అలాంటి సమయంలో బంగళా యజమాని దాన్ని అమ్మేశాడు. కొన్నవాళ్ళు పడగొట్టి ఇంకేదో కట్టుకుంటారట. నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. నిర్మాత చుట్టుపక్కల ఎక్కడెక్కడో తిరిగాడు, అలాంటి బంగళా దొరకలేదు. చివరికి తన సొంత ఫ్లాటు ఒకటి ఊరి మధ్యలో ఉందనీ, అద్దెకున్నవాళ్ళు ఈమధ్యే ఖాళీ చేశారనీ చెప్పాడు. కథలో ఎలాగూ ఆస్తి కేసు నడుస్తోంది. కేసు ఓడిపోయి, కుటుంబమంతా బంగళా వదిలి ఫ్లాటుకు వచ్చిందని రాసేస్తే సరిపోతుంది కదా అన్నాడు.

అందరూ కలిసి ఫ్లాటు చూడ్డానికి వెళ్ళారు. మూడో అంతస్తు. ఒక హాలు, రెండు పడకగదులు, వంటగది, ఒకే ఒక బాత్రూం. హాల్లోంచి లోపలికి వెళ్ళే నడవలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. భోజనాల బల్లను గోడకు ఆనించి, ఇవతలివైపు ఒక పొడుగాటి బెంచీ వేశారు. ఆ బెంచీ మీద కూర్చుంటే బాత్రూం తలుపు ఎదురుగా కనబడుతుంది.

దర్శకుడు హాలు మధ్యలో నిలబడి ఒకసారి చుట్టూ తిరిగాడు. తిరగడానికి పెద్దగా సమయం పట్టలేదు. హాలుకీ గదికీ మధ్య గోడ కొట్టేస్తే కొంచెం నయమనీ, లెన్సు మార్చి ఇల్లు పెద్దదిగా చూపిస్తాననీ అన్నాడు. గోడ కొడితే పైవాళ్ళు వచ్చి కింద పడతారని నిర్మాత హడలిపోయాడు. పెద్దకోడలు వంటగదిలోకి తొంగిచూసి వచ్చి, రచయిత్రి ముందు నిలబడింది.

"మెట్లు లేకుండా నేను ఎక్కణ్ణుంచి దిగాలమ్మా?"

ఎవరికీ నవ్వు రాలేదు. ఆవిడ నిజంగానే అడుగుతోందని అందరికీ అర్థమైంది. రచయిత్రి మాత్రం గోడ జోలికి వెళ్ళొద్దంది. ఇల్లు ఎలా ఉందో అలాగే చూపిద్దామనీ, తనకు కొంచెం వ్యవధి కావాలనీ చెప్పింది.

ఇంటికి వెళ్ళి, ముందే రాసిపెట్టుకున్న సీన్లు తిరగేసింది. ఒక్కటీ ఫ్లాటులో ఇమడలేదు. చాటుగా వినే సీను ఉంది, చాటెక్కడ? అత్తగారు పెద్దకొడుకుని పక్కకు పిలిచి రహస్యం చెప్పే సీను ఉంది. ఆ ఇంట్లో పక్క అనేదే లేదు. అలిగి గదిలో తలుపేసుకుందామంటే ఆ గదిలో ఇంకో ఇద్దరుంటారు. ఇన్నాళ్ళూ తాను అల్లానని మురిసిపోయిన కథలో సగం ఆ బంగళా అల్లిందేనని ఆవిడకు అప్పుడు తెలిసింది. కొద్దిసేపు మనసు చివుక్కుమంది. తర్వాత హుషారు పుట్టింది. ఆ బంగళా అంత కథ ఇచ్చినప్పుడు, ఈ ఫ్లాటు మాత్రం ఎందుకివ్వదు, అడిగి చూద్దామనుకుంది.

మర్నాడు ఆవిడ, దర్శకుడు, అతని కో-డైరెక్టరు మళ్ళీ ఫ్లాటుకు వెళ్ళారు. కో-డైరెక్టరు చాలా ఏళ్ళుగా దర్శకుడి దగ్గరే ఉన్నాడు. అతను ఎదురు మాట్లాడటం ఎవరూ వినలేదు. రచయిత్రి ఒక్కో గదిలోకి అతన్ని పంపి, మెల్లగా ఏదైనా మాట్లాడమని, తాము హాల్లో బెంచీ మీద కూర్చుని విన్నారు. వంటగదిలో చెంచా పెట్టిన చప్పుడు కూడా వినబడింది. పడకగదిలో తలుపేసి గుసగుసలాడినా మాటలు తెలిసిపోతున్నాయి. పై ఇంట్లో ఎవరో తుమ్మితే దర్శకుడు అలవాటుగా చిరంజీవ అన్నాడు.

చివరికి బాత్రూం. అతన్ని లోపలికి వెళ్ళి, కొళాయి విప్పి, ఇంటికి ఫోను చేసి తోచింది మాట్లాడమంది. బకెట్లో నీళ్ళు పడుతున్న హోరులో ఒక్క మాటా వినబడలేదు. రచయిత్రి కళ్ళు మెరిశాయి. పెద్దకోడలికి కొత్త ఆఫీసు దొరికిందని దర్శకుడితో అంటుండగానే పైన ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. కొళాయి గుడగుడమని ఆగిపోయింది. లోపలి గొంతు మాత్రం ఆగలేదు.

"...ఏం చెయ్యమంటావు చెప్పు, ఈయన బుర్రలో ఆ మెట్లు తప్ప ఇంకోటి లేదు. ఆ మెట్లు పోయేసరికి దిక్కు తోచట్లేదు పాపం. ఇన్నేళ్ళుగా నేను షాట్లు చెప్తుంటే తనే కనిపెట్టినట్టు..."

అక్కడితో ఆ గొంతూ ఆగింది.

బెంచీ మీద ఇద్దరూ బిగుసుకుపోయారు. తలుపు చాలాసేపు తెరుచుకోలేదు. కానీ బాత్రూంలో మనిషి ఎంతసేపని ఉంటాడు? గడియ తీసిన చప్పుడైంది. కో-డైరెక్టరు బయటికి వచ్చాడు. బయటి గుమ్మం దాకా పోవాలంటే దర్శకుడి మోకాళ్ళను రాసుకుంటూ పోవాలి. వంటగదిలోకి పోవాలన్నా అంతే. అతను ఉన్నచోటే నిలబడిపోయాడు. దర్శకుడు చెవుల దాకా ఎర్రబడ్డాడు. కాసేపటికి, టీ చెప్పావా అని అడిగాడు. చెప్పానండీ అన్నాడు కో-డైరెక్టరు. అప్పుడు దర్శకుడు బెంచీ మీద కొంచెం జరిగాడు. అతను వచ్చి ఆ మిగిలిన చోట్లో, అంచు మీద కూర్చున్నాడు. టీలు వచ్చాయి. ముగ్గురూ తాగారు. ఆ సాయంత్రం దర్శకుడు అతన్ని పిలిచి, బాల్కనీలో కెమెరా పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. అడగడం అదే మొదటిసారి.

రచయిత్రి ఇల్లు చేరేసరికి ఆవిడ తల్లి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తల్లీకూతుళ్ళు కలిసే ఉంటారు. రచయిత్రి కూడా పక్కన కూర్చుని చీరలు మడతపెడుతూ జరిగిందంతా చెప్పింది. తల్లి కో-డైరెక్టరు మాట దగ్గర బాగా నవ్వింది. నవ్వడం అయ్యాక, మనం రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం గుర్తుందా అని అడిగింది.

గుర్తుంది. నాన్న, బాబాయి, పిన్ని, పిల్లలు, అందరూ ఆ రెండు గదుల్లోనే. రచయిత్రికి అది ఇరుకుగానూ సందడిగానూ గుర్తుంది, అంతే. కథలనేవి పెద్ద ఇళ్ళలో జరుగుతాయని ఎందుకో ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం. తాను పెరిగిన ఇంటిని ఒక్కసారీ రాయలేదు.

తల్లి ఒక దుప్పటి అంచు కూతురికి అందించి, రెండో అంచు తాను పట్టుకుని చెప్పింది. ఒకరోజు పొద్దున వంటగది కిటికీ దగ్గర నిలబడి పక్కవాటావిడతో మాట్లాడుతోందట. మరిదికి పెళ్ళయ్యాక కూడా ఇక్కడే పడి ఉన్నారనీ, తోడికోడలికి పని చాతకాదనీ, ఎప్పుడు పోతారా అని చూస్తున్నాననీ, ఇంకా ఏవేవో అంది. పిన్ని స్నానానికి వెళ్ళిందనుకుంది. వెళ్ళలేదు. రెండో గదిలో కూర్చుని పిల్లకు జడ వేస్తోంది.

"నేను ఇవతలికి రాగానే కనబడింది. మొత్తం విన్నదని మొహం చూస్తేనే తెలిసింది. ఆవిడేమో, అక్కా ఈ జడ కాస్త పట్టుకో, రిబ్బను తెచ్చుకుంటాను అని నా చేతిలో పెట్టి లేచింది. నీ జడే అది."

రచయిత్రి చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. పిన్ని ఆ తర్వాత ఏమందని అడిగింది.

"ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అనడానికి ఆ ఇంట్లో చోటెక్కడ ఏడిసింది? పొద్దున లేస్తే ఆవిడ మొహమే, పడుకుంటే ఆవిడ పక్కనే. పెద్ద ఇల్లయితే నాలుగు రోజులు మొహం చాటేసేదాన్ని. తను తన గదిలో ఏడ్చుకునేది. నెల తిరక్కుండా విడిపోయేవాళ్ళం. అక్కడ అలా కుదరదు కదా. పొయ్యి దగ్గర పక్కపక్కన నిలబడాలి. నిలబడగా నిలబడగా నేనే మారాను. ఆవిడ పనికి వంక పెట్టడం మానేశాను."

తర్వాత బాబాయికి వేరే చోట ఉద్యోగం వచ్చి వాళ్ళు వెళ్ళిపోతుంటే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారట. తల్లి దుప్పటి మడత పూర్తిచేసి చేత్తో అదిమింది.

రచయిత్రి ఆ రాత్రి హాయిగా నిద్రపోయి, తెల్లవారాక రాయడానికి కూర్చుంది. పెద్దకోడలిని ఇన్నాళ్ళూ దుర్మార్గురాలిగానే రాసింది. ఇప్పుడు ఆ పాత్రలో తన తల్లి మొహం కనబడుతుంటే చెయ్యి తడబడుతుందేమో అనుకుంది. తడబడలేదు. ఇంకా తేలికగా నడిచింది. బంగళాలో ఉన్నంతకాలం కథంతా ఇల్లు ఎవరికి దక్కుతుందన్న దాని మీదే తిరిగింది. ఇక్కడ ఆ ప్రశ్నకు అర్థమే లేదు. ఒకరి నోటి నుంచి వినకూడని మాట విన్నాక, ఆ మనిషితోనే ఒకే బెంచీ మీద కూర్చుని భోజనం చెయ్యడం ఎలా? ఇక మీదట కథ ఇదేనని ఆవిడకు తేటతెల్లమైంది.

సీను ఇలా రాసింది. మధ్యాహ్నం భోజనాలవేళ. అందరూ బెంచీ మీద ఉన్నారు. పెద్దకోడలు బాత్రూంలో కొళాయి విప్పి ఫోనులో మాట్లాడుతుంటుంది. చిన్నకోడలి గురించి అనరాని మాటలు అంటున్న సమయంలో నీళ్ళు ఆగిపోతాయి. అందరూ వింటారు. పెద్దకోడలు బయటికి వస్తుంది. చిన్నకోడలు బెంచీ మీద జరిగి చోటిస్తుంది. ఎవరూ ఏమీ అనరు.

చదివి వినిపించాక దర్శకుడు ఇంకా ఏదో ఉందన్నట్టు కాగితం వైపే చూశాడు. అత్తగారు లేచి చెంప పగలగొట్టాలి కదా, చిన్నకొడుకు కంచం విసిరేయాలి కదా అన్నాడు. చెంపదెబ్బ కొట్టాక కొట్టినావిడ ఎక్కడికి వెళుతుందో, దెబ్బ తిన్నావిడ ఎక్కడికి వెళుతుందో ఈ ఇంట్లో చూపించమని అడిగింది రచయిత్రి. దర్శకుడు నడవ వైపు చూశాడు, వంటగది వైపు చూశాడు. కో-డైరెక్టరు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. దర్శకుడు సరే తీద్దామన్నాడు.

పెద్దకోడలు మాత్రం ఒప్పుకోలేదు. రచయిత్రిని బాల్కనీలోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడింది. ఎంత తగ్గించినా లోపలివాళ్ళకు వినబడుతూనే ఉంది.

"ఇన్నేళ్ళూ నేను పైనుంచి దిగుతుంటే జనం తలెత్తి చూశారు. ఇప్పుడు బాత్రూంలోంచి రమ్మంటున్నావు. వచ్చి, మాటాపలుకూ లేకుండా తినమంటున్నావు. నన్ను మెల్లగా తీసిపారెయ్యాలని చూస్తున్నావా? ఆ ఉద్దేశం ఉంటే చెప్పు, మర్యాదగా తప్పుకుంటాను."

రచయిత్రి తొణకలేదు. ఆ మాట వెనకున్న భయం ఆవిడకు అర్థమైంది. ఈ వయసులో ఇంకో సీరియల్లో ఇంత పాత్ర దొరకడం కష్టం.

"అక్కా, మెట్ల మీద మీరు ఎంత మాటన్నా వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత మీరేమైపోయారో ఎవరూ చూళ్ళేదు. నేనూ చూళ్ళేదు. ఇక్కడ వెళ్ళడానికి చోటు లేదు. అన్న మాట మొహం మీద పెట్టుకుని బల్ల దాకా నడవాలి. నాలుగే అడుగులు. మాటలు నేను రాసివ్వచ్చు, కానీ ఆ నడక నేను రాయలేను. మీరు నడిస్తేనే సీను ఉంది, లేకపోతే లేదు."

తల్లి సంగతి కూడా చెప్పింది, ఎవరని చెప్పకుండా. పెద్దకోడలు కటకటాలు పట్టుకుని కింద వీధిలోకి చూసింది. ఆ జడ పట్టుకున్నావిడ తర్వాత ఏం చేసిందని అడిగింది. జడ విడిపోకుండా పట్టుకుని నిలబడిందని చెప్పింది రచయిత్రి. పెద్దకోడలు మేకప్‌కు వెళ్ళిపోయింది.

షూటింగ్ రోజున హాల్లో గాలి ఆడలేదు. కెమెరాను బాల్కనీలో పెట్టి, కో-డైరెక్టరు చెప్పినట్టే కిటికీలోంచి తీశారు. లైట్లకు చోటు లేక సగం ఫ్లాటు బయటి వరండాలో ఉండిపోయాయి. లోపల కొళాయి ఆగింది. మాటలు వినబడ్డాయి. ఆగాయి. బెంచీ మీదున్నవాళ్ళు కంచాల్లోకి చూస్తున్నారు.

గడియ చప్పుడైంది. పెద్దకోడలు బయటికి వచ్చి, తలుపుకున్న తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకుంది. పొడి చేతులవి. తుడుచుకుంటూనే ఉంది. అది రాసిన కాగితంలో లేదు. తర్వాత తువ్వాలు జాగ్రత్తగా మడిచి తగిలించి, ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది. చిన్నకోడలు జరిగింది. పెద్దకోడలు ఆ ఖాళీ వైపు చూసి, కూర్చుని, కంచం దగ్గరికి లాక్కుంది. ఆవిడ భుజం చిన్నకోడలి భుజానికి తగులుతోంది. తగలకుండా ఉండటానికి ఆ బెంచీ మీద చోటు లేదు. చిన్నకోడలు ఎడమచేత్తో నీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపింది. పెద్దకోడలు మొహంలో, అన్నేళ్ళలో ఎవరూ చూడనిది ఒకటి వచ్చింది.

దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. వాళ్ళు తింటూనే ఉన్నారు. అత్తగారు నిజంగానే ఇంకొంచెం కూర వడ్డించమని అడిగింది. అప్పుడు చెప్పాడు కట్.

ఆ భాగం ప్రసారమైన మర్నాడు చానెల్ వాళ్ళు నిర్మాతకు ఫోను చేశారు. గొడవ లేదు, అరుపులు లేవు, ఇలాగైతే ఎవరు చూస్తారని చిరాకుపడ్డారు. నిర్మాత ఆ చిరాకును పదిలంగా మోసుకొచ్చి రచయిత్రి ముందు దింపాడు. వారం ఆగమని చెప్పి ఆవిడ తర్వాతి సీను రాసుకుంది. వారం గడవకముందే చానెల్ వాళ్ళే మళ్ళీ ఫోను చేసి, ఆ కోడళ్ళిద్దరూ వంటగదిలో ఉండే సీన్లు ఇంకాస్త పెంచమన్నారు.

పెద్దకోడలు మందుల షాపుకు వెళితే ఒకావిడ దగ్గరకొచ్చిందట. అలవాటు ప్రకారం తిట్లకు సిద్ధపడి నిలబడింది. ఆవిడ తిట్టలేదు. ఆ రోజు రాత్రి మీకు నిద్ర పట్టిందా అమ్మా అని అడిగి, జవాబు కోసం కూడా ఆగకుండా, తన తోడికోడలి సంగతి చెప్పుకొచ్చింది. ఆ ముక్క పెద్దకోడలు సెట్లో కనబడ్డ ప్రతివాళ్ళకూ చెప్పింది. తిట్ల గురించి ఎప్పుడూ అంత గర్వంగా చెప్పలేదు.

ఇలా ఆ ఫ్లాటులో కథ సాఫీగా నడుస్తుండగా నిర్మాత ఒకరోజు హడావిడిగా వచ్చి రచయిత్రిని కారెక్కించుకున్నాడు. ఎట్టకేలకు ఒక ఇల్లు దొరికింది, పాత బంగళాకు రెట్టింపు ఉంటుంది, కుటుంబం మళ్ళీ దశ తిరిగి ఇక్కడికి వచ్చేసిందని రాసేద్దామన్నాడు. వెళ్ళి చూశారు. నిజంగానే గొప్ప ఇల్లు. రెండు గుమ్మాలు, రెండు వంటగదులు, మధ్యలో ఆకాశం కనబడే ఖాళీ జాగా, దానికి అటూ ఇటూ గదుల వరసలు. అటు చివర్నుంచి పిలిస్తే ఇటు చివరికి వినబడదు.

రచయిత్రి గదులన్నీ తీరుబడిగా తిరిగింది. తలుపులు వేసి చూసింది, కిటికీలు తెరిచి చూసింది. నిర్మాత వెనకే నడుస్తూ ఎలా ఉందమ్మా అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు.

"ఇల్లు బాగుందండీ. మన కోడళ్ళిద్దర్నీ మాత్రం ఇక్కడికి తీసుకురాను. వచ్చారంటే నెలకల్లా ఒకరి మొహం ఒకరు మరిచిపోతారు."

నిర్మాత ఉసూరుమన్నాడు. అడ్వాన్సు కూడా ఇచ్చేశాడట. రచయిత్రి మధ్యలో ఉన్న ఖాళీ జాగాలో నిలబడి ఒక వరసనూ, ఎదురు వరసనూ మార్చి మార్చి చూసింది.

"ఇది వదులుకోకండి. దీన్లో వేరే కథ ఉంది. మొగుడూ పెళ్ళాం ఉంటారు, ఇద్దరే. ఒకే ఇంట్లో ఉంటూ నెలల తరబడి ఎదురుపడరు. ఆవిడ ఆ గుమ్మంలోంచి వెళుతుంది, ఆయన ఈ గుమ్మంలోంచి. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. ఉండుంటే బాగుపడేవాళ్ళు."

కోపం లేకపోతే గొడవేముంటుందమ్మా అని నిర్మాత అయోమయంగా అడిగాడు. రచయిత్రి అప్పటికే రెండో వంటగది వైపు నడుస్తోంది. ఒకరోజు ఆవిడ ఇక్కడ పొయ్యి వెలిగిస్తే అక్కడ ఆయనకు వాసన వస్తుందా రాదా, ముందు అది తేల్చాలండీ, మీరు ఆ చివరికి వెళ్ళి నిలబడండి అంది.

నిర్మాత వెళ్ళి నిలబడ్డాడు.